కడియం బుజ్జిబాబు కండలు

బుజ్జిబాబు పెళ్ళి శుభలేఖ అందుకుని నవ్వనివాళ్ళు మా ఊళ్ళో లేరు. వరుడు బుజ్జిబాబు, వధువు బేబి. మా హెడ్మాస్టరు గారైతే కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివి, "ఏంటయ్యా ఇది, పెళ్ళా, బారసాలా?" అని అడిగారు. తీరా పెళ్ళికొడుకు పందిట్లోకి వచ్చాక ఆ నవ్వులు ఆగిపోయాయి. అతను కూర్చుంటే కింద పీట కనిపించలేదు. ముచ్చటపడి కుట్టించిన సిల్కు లాల్చీ భుజాలకి ఎక్కకపోతే కుట్లు విప్పి పిన్నీసులు పెట్టారు. తలంబ్రాలు పోసేటప్పుడు బేబి చేతులు అతని తలదాకా అందక, ఆమె కింద ఇంకో పీట వేశారు. ఫొటోల్లో ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక తల వంచుకున్నట్టు కనిపిస్తుంది. సిగ్గనుకున్నారు పెద్దవాళ్ళు.

అది తొంభై ఏడో సంవత్సరం. బుజ్జిబాబు కడియంలో ఒక పెద్ద నర్సరీలో లోడింగు పని చేసేవాడు. తండ్రి చిన్నప్పుడే పోతే, తల్లి సుబ్బాయమ్మ మొక్కల కవర్లలో మట్టి నింపే పనికి వెళ్ళి పెంచింది. బుజ్జి పుట్టుకతోనే గట్టి మనిషి. వేళ్ళ చుట్టూ మట్టిగడ్డ కట్టిన పామ్ చెట్టుని ఇద్దరు పట్టుకుని లేపలేకపోతే, బుజ్జి ఒక్కడే కౌగిలించుకుని లారీలో నిలబెట్టేవాడు. నాసిక్, బెంగుళూరు వెళ్ళే లారీ డ్రైవర్లు దిగుతూనే "బుజ్జి ఉన్నాడా?" అని అడిగేవాళ్ళు. వీధిలో ఎవరింటికి గ్యాసుబండ వచ్చినా, బియ్యం బస్తా వచ్చినా అతనికి కబురు వెళ్ళేది. "ఆయ్, వచ్చేస్తున్నానండి" అంటూ వచ్చి, మోసిపెట్టి, మంచినీళ్ళు తాగి, ఆ ఇంటి పిల్లల్ని కాసేపు భుజాల మీద తిప్పి వెళ్ళిపోయేవాడు. కోపం అన్నది అతని ముఖంలో నేను చూడలేదు.

పెళ్ళికి రెండేళ్ళ ముందు కాలవ గట్టు మీద రేకుల షెడ్డులో అప్పాజీ అనే ఆయన జిమ్ పెట్టాడు. హైదరాబాదులో కొన్నాళ్ళుండి ఈ విద్య నేర్చుకొచ్చిన మనిషి. జిమ్ ముందు వరసగా పెట్టడానికి క్రోటన్ మొక్కలు కావాలంటే నర్సరీ నుంచి బుజ్జి తీసుకెళ్ళాడు. లోపల ఇద్దరు కుర్రాళ్ళు ఒక ఇనుపకడ్డీ మీద బరువులెక్కించి లేపలేక ఆపసోపాలు పడుతున్నారు. దారికి అడ్డంగా ఉందని బుజ్జి దాన్ని తీసి పక్కన పెట్టాడు. అప్పాజీ చూస్తూ నిలబడిపోయాడు.

"నీ పేరేంట్రా తమ్ముడూ?"

"బుజ్జిబాబండి."

"బాగానే పెట్టారు పేరు! రేపు పొద్దున్నే వచ్చెయ్. ఫీజు గొడవ లేదు."

అలా మొదలైంది. బుజ్జికి ఆ షెడ్డు గుడిలా అయిపోయింది. పొద్దున్న జిమ్, పగలు లోడింగు, సాయంత్రం మళ్ళీ జిమ్. ఏడాది తిరిగేసరికి ఒళ్ళు చెక్కినట్టు తయారైంది. రాజమండ్రిలో మిస్టర్ గోదావరి పోటీ జరుగుతుందని తెలిసి వెళ్ళాడు. నాలుగో స్థానం వచ్చింది. మొదటి స్థానం వచ్చినవాడి ఒంటి మీద నరాలు తీగల్లా తేలి ఉన్నాయి. కండ మీద కండ పెట్టి అతికించినట్టున్నాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో బుజ్జి అప్పాజీని, "వాడు నాకంటే ఎక్కువేం బరువులెత్తుతాడండి? వాడికెలా వచ్చింది ఆ ఒళ్ళు?" అని అడిగాడు.

అప్పాజీ మర్నాడు షెడ్డులో రేకుపెట్టె తెరిచాడు. అందులో గులాబీరంగు మాత్రలు, నూనెలాంటి మందున్న చిన్న సీసాలు, సూదులు ఉన్నాయి.

"ఇది మందనుకోకు. నర్సరీవాడివి, నీకు చెప్పాలా? మొక్కకి యూరియా వేస్తాం చూడు, అలాంటిదే ఇది."

ఆ మాట బుజ్జికి బాగా నచ్చింది. ఆ రోజే మొదటి సూది వేయించుకున్నాడు.

యూరియా వేసినట్టే లేచాడు. నెలలు తిరక్కుండా పాత చొక్కాలన్నీ చిన్నవైపోయాయి. పెళ్ళినాటికి అతని సంగతి మొదటే చెప్పాను. మరుసటి సంవత్సరం పోటీలో అతనే మిస్టర్ గోదావరి. నర్సరీ వాళ్ళు మొక్కల లారీ మీద అతన్ని నిలబెట్టి, మోయలేనన్ని గులాబీ దండలు వేసి కడియమంతా ఊరేగించారు. దండలన్నీ మెళ్ళో వేసుకుని చేతులెత్తి కండలు చూపించబోతే దండలు తెగి వీధి నిండా గులాబీలు రాలాయి. ఆడవాళ్ళు నవ్వుతూ ఏరుకున్నారు. సుబ్బాయమ్మ లారీ వెనకాలే నడుస్తూ, "దిష్టి తగుల్తుంది, దించండర్రా వాణ్ణి" అని ఒకటే అరవడం.

లోపల జరుగుతున్నది మాకెవరికీ తెలియలేదు. వీపంతా చీము పొక్కులు. నెత్తి మీద జుట్టు పలచబడింది. మెట్లెక్కితే ఆయాసం. అన్నిటికంటే అతన్ని కలవరపెట్టింది రొమ్ములు. చనుమొనల కింద గడ్డల్లాంటివి లేచి, ముట్టుకుంటే నొప్పి. ఆడపిల్లకి వచ్చినట్టు రావడమేమిటని భయం, సిగ్గు. అప్పాజీని అడిగితే, "కొంతమందికి వస్తాయి, పోతాయి, బనీను బిగుతుగా వేసుకో" అన్నాడు. అప్పట్నించి బుజ్జి కాలవలో స్నానానికి కూడా బనీనుతోనే దిగేవాడు. ఇంట్లో గది తలుపు గడియ పెట్టి బట్టలు మార్చుకునేవాడు. బేబికి మొగుడి పద్ధతి అర్థమయ్యేది కాదు. అడిగితే విసుక్కునేవాడు. "ఏదైనా విశేషం ఉందా?" అని వీధిలో అమ్మలక్కలు ఆమెని అడగడం మొదలుపెట్టారు. ఆమె ఏం చెబుతుంది?

ఆ విసుగు కోపమైంది. గుడ్డులో పచ్చసొన తియ్యలేదని తల్లి మీద కంచం విసిరాడు. లారీ వెనక్కి తీస్తూ పూలకుండీని గుద్దాడని ఒక క్లీనర్‌ని చొక్కా పట్టుకుని గాల్లోకి లేపాడు. తరవాత తనే వెళ్ళి అతనికి టీ ఇప్పించి, "నాకేమైందో తెలీదన్నయ్యా" అన్నాడట.

తొంభై తొమ్మిది ఎండాకాలంలో బేబితో కలిసి ఆత్రేయపురం అత్తగారింటికి వెళ్ళాడు. అత్తగారు సూర్యకాంతమ్మ పూతరేకులు చేయడంలో పేరున్న మనిషి. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి జారులో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి లాగితే, కాగితం కంటే పల్చటి రేకు లేచి వస్తుంది. ఆ కుండ అందరికీ కుదరదు. ఆవిడ కుండ చాలా ఏళ్ళ నాటిది, నూనె పట్టి నల్లగా అద్దంలా ఉండేది.

అల్లుడు పోటీ కోసం తీపి మానేశాడని ఆవిడకి తెలుసు. తెలిసినా మనసు ఊరుకోదు కదా.

"రెండు రేకులేనండి అల్లుడుగారూ. నెయ్యి తక్కువ వేశాను."

"వద్దండి."

"పోనీ బెల్లం వేసినవి తింటారా?"

"వద్దన్నానండి."

"ఒక్కటి. నా మాట కోసం—"

బుజ్జి చేతిలో మంచినీళ్ళ చెంబుంది. అది ఎప్పుడు విసిరాడో అతనికే తెలీదు. చెంబు వెళ్ళి కుండకి తగిలింది. కుండ పగిలి ముక్కలు మంటలో పడ్డాయి. గుప్పున పొగ, బూడిద లేచాయి. బేబి కేక పెట్టింది. పక్కింటి వాళ్ళు గోడ మీంచి తొంగిచూశారు.

బుజ్జి నిలబడిపోయాడు. "అత్తయ్యగారూ, నేను కావాలని..." అన్నాడు గానీ మాట పూర్తికాలేదు.

సూర్యకాంతమ్మ మొహం మీది బూడిద కొంగుతో తుడుచుకుని లేచింది. కుండ వైపు చూడలేదు. అల్లుడి వైపే చూసింది.

"ఒకసారి ఇలా వాకిట్లోకి రండి బాబూ."

పిల్లాడిలా వెళ్ళాడు. ఎండలో అతని గడ్డం పట్టుకుని తల పైకెత్తింది.

"కళ్ళేంటండీ ఇలా ఉన్నాయి? పసుపు రాసినట్టున్నాయి."

"నాలుగు రోజుల్నించి ఒళ్ళంతా గోక్కుంటున్నారమ్మా," అంది బేబి. "అడిగితే ఉక్కపోత అంటారు."

"ఉక్కపోతకి కళ్ళు పచ్చబడతాయటే? కామెర్లే ఇవి. రేపు పసరు పోయిద్దాం."

"పసరొద్దు, ఏమొద్దు," అంది బేబి. ఆ ఇంట్లో ఆమె అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు. "రాజమండ్రి తీసుకెళ్తాను. డాక్టరుగారికే చూపిస్తాను."

బొబ్బర్లంక మీదుగా బస్సులో ఆనకట్ట దాటుతున్నంతసేపూ బుజ్జి కిటికీలోంచి గోదారిని చూస్తూ కూర్చున్నాడు. కుండ సంగతి ఒక్కటే ఎత్తాడు. "అలాంటిది మళ్ళీ దొరుకుతుందా?" అన్నాడు. "దొరుకుతుంది. మీరు మళ్ళీ దొరుకుతారా?" అంది బేబి.

డాక్టరు విశ్వనాథ్ గారు సన్నగా, పొట్టిగా ఉంటారు. బుజ్జి పక్కన నిలబడి స్టెతస్కోపు పెట్టడానికి, "కూర్చోవయ్యా, నాకు నిచ్చెన లేదు" అన్నారు. కళ్ళు చూశారు. బీపీ ఒకసారి చూసి నమ్మలేక రెండో చెయ్యి కూడా చూశారు.

"ఏం వాడుతున్నావు?"

"ఏం లేదండి. గుడ్లు, పాలు, అరటిపళ్ళు."

"గుడ్లు నేనూ తింటాను. నాకీ భుజాలేవి?"

బేబి కిసుక్కున నవ్వి, వెంటనే సంచిలోంచి ఒక పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. ఖాళీ సీసాలు, మాత్రల అట్టలు. "ఇవండి ఈయన తినేవి. పెట్టె అడుగున పెట్టుకుని తిరుగుతున్నారు."

బుజ్జి తల దించుకున్నాడు. డాక్టరుగారు ఒక్కొక్కటీ కళ్ళజోడు దగ్గర పెట్టుకుని చదివి, "చొక్కా, బనీను విప్పు" అన్నారు. బుజ్జి కదలలేదు.

"అమ్మా, నువ్వు కాసేపు బయట కూర్చుంటావా?"

"కూర్చోనండి," అంది బేబి. "పెళ్ళయిన దగ్గర్నించీ నేను బయటే కూర్చున్నాను."

బుజ్జి నెమ్మదిగా బనీను తీశాడు. బేబి చూసింది. వచ్చి అతని పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేసింది. "దీనికా ఇన్నాళ్ళూ తలుపు గడియ పెట్టుకున్నారు?" అని మాత్రం అంది. అంత మనిషీ వెక్కివెక్కి ఏడ్చాడు.

డాక్టరుగారు అతన్ని ఏడవనిచ్చి, తరవాత నెమ్మదిగా చెప్పారు. "ఇవి స్టెరాయిడ్లు. మగవాడి ఒంట్లో తయారయ్యే హార్మోనులాంటివే. బయట్నుంచి ఇంత పోస్తుంటే, ఇక నాతో పనేముందని లోపల తయారుచేసే చోటు పని మానేస్తుంది. పిల్లలు పుట్టకపోవడం అందుకే. ఎక్కువైనదాంట్లో కొంత ఆడ హార్మోనుగా మారుతుంది, ఈ రొమ్ములు అందుకే వచ్చాయి. మాత్రలు లివర్ని దెబ్బకొట్టాయి, అందుకే కామెర్లు. కోపం కూడా చాలావరకు దీనిదే. అన్నిటికంటే నాకు భయం నీ గుండె గురించి. చేతికండ పెరిగితే అందరూ చప్పట్లు కొడతారు. గుండె కండ మందమైతే అది రక్తం తోడలేదు."

"తగ్గుతుందాండీ?" బేబి అడిగింది.

"లివరు తేరుకుంటుంది. మిగతావి చాలావరకు సర్దుకుంటాయి, టైము పడుతుంది. ఆ గడ్డలు మాత్రం ఆపరేషన్ చేసి తియ్యాల్సిందే. ఇంకో మాట. మానేశాక కొన్నాళ్ళు ప్రపంచమంతా చప్పగా ఉంటుంది. ఒళ్ళు దిగిపోతుంది, దిగులేస్తుంది. ఇంకొక్క సూది అనిపిస్తుంది. అప్పుడు ఇవి ఇచ్చినవాడి దగ్గరికి కాదు, నా దగ్గరికి రా."

ఇంటికొచ్చి తల్లికి చెప్పారు. సుబ్బాయమ్మ అంతా విని, "యూరియా ఎక్కువేస్తే మొక్క మాడిపోతుందని మరి ఆ అప్పాజీకి ఎవరూ చెప్పలేదంట్రా?" అంది.

డాక్టరుగారు చెప్పినట్టే అయింది. కళ్ళ పచ్చదనం పోయేసరికి వర్షాకాలం వచ్చేసింది. ఒళ్ళు మాత్రం రోజురోజుకీ దిగిపోయింది. చొక్కాలు వేలాడాయి. నర్సరీలో, "ఏం బుజ్జీ, గాలెవరు తీసేశారు?" అనేవాళ్ళు. పైకి నవ్వేవాడు. ఇంటికొచ్చి మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. జిమ్‌లో అద్దం చూడలేక వెళ్ళడం మానేశాడు. దారిలో అప్పాజీ ఎదురుపడి, "చేతికొచ్చిన పంటని నీళ్ళపాలు చేశావురా" అన్నాడు. ఆ వారంలో రెండుసార్లు బుజ్జి షెడ్డు దాకా వెళ్ళి, బయట సైకిలు మీదే కాసేపు కూర్చుని, అటునుంచి అటే రాజమండ్రి వెళ్ళిపోయాడు. డాక్టరుగారు ఇచ్చిన మందుల కంటే చెప్పిన కబుర్లే ఎక్కువ పనిచేశాయని తరవాత నాతో అన్నాడు.

బేబి ఇంకో పని చేసింది. సెలవు దొరికితే చాలు అతన్ని ఆత్రేయపురం లాక్కెళ్ళేది. సూర్యకాంతమ్మ కొత్త కుండ సాధన చేస్తోంది. కొత్త కుండ మాట వినదు, రేకులు చిరిగిపోయేవి. "పగలగొట్టినవారే తినాలి" అని ఆ చిరుగు రేకులన్నీ నెయ్యి, పంచదార వేసి అల్లుడి ముందు పెట్టేది. "బీపీ అండి, నెయ్యి కొంచెం చూడండి" అని బుజ్జి బతిమాలేవాడు. కుండ ఆవిడ చేతికి లొంగేసరికి అతనికి నవ్వడం మళ్ళీ వచ్చింది.

ఆపరేషన్ కాకినాడలో జరిగింది. కట్లు విప్పాక బుజ్జి మొట్టమొదట చేసిన పని, బనీను లేకుండా కాలవలో దూకడం. గంటసేపు బయటకి రాలేదు. గట్టు మీద సుబ్బాయమ్మ తువ్వాలు పట్టుకుని, "జలుబు చేస్తుంది రారా" అని తిట్టిపోసింది.

రెండువేలలో ఒక మధ్యాహ్నం అప్పాజీ బుజ్జి ఇంటికి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. మంచం చూపిస్తే కూర్చోలేదు. కాఫీ నిలబడే తాగాడు.

"ఏంటండీ గురువుగారూ, కూర్చోండి."

"కూర్చోలేనురా."

సూది వేసుకున్నచోట తుంటి మీద చీముగడ్డ లేచి కొబ్బరిబోండమంత ఉందట. పరువు పోతుందని ఎవరికీ చెప్పుకోలేదు. బుజ్జి ఒక్క మాట ఎత్తిపొడవలేదు. రాజమండ్రి బస్సులో సీటు ఖాళీగా ఉన్నా అప్పాజీకి తోడు తనూ నిలబడే వెళ్ళాడు. డాక్టరుగారు గడ్డ కోసి, పనిలోపని బీపీ చూసి, గుండెకి పరీక్ష రాశారు. అప్పాజీ గుండె పెరిగి ఉంది. ఆయనకి మాత్రలు జీవితాంతం తప్పవన్నారు.

"నాకు హైదరాబాదులో చెప్పినాయన ఇదే చెప్పాడురా, యూరియా అని," అన్నాడు అప్పాజీ తిరుగుబస్సులో. "నేను నమ్మాను. నిన్ను నమ్మించాను."

"ఇకమీద ఎవర్నీ నమ్మించకండి, అంతే," అన్నాడు బుజ్జి.

మర్నాడు ఆ రేకుపెట్టెలోవి అన్నీ వాళ్ళిద్దరూ కలిసి గొయ్యి తీసి పూడ్చేశారు. బుజ్జి మళ్ళీ జిమ్‌లో అడుగుపెట్టాడు, ఈసారి నేర్పడానికి. మునుపటి ఒళ్ళు రాలేదు. కడ్డీ లాంటి గట్టి మనిషి అయ్యాడు. పామ్ చెట్టుని మళ్ళీ ఒక్కడే లారీ ఎక్కిస్తున్నాడు, మెట్లెక్కితే ఆయాసం లేదు.

రెండువేల ఒకటి చివర్లో బేబికి ఆడపిల్ల పుట్టింది. ఉమాశ్రీ అని పేరు పెట్టారు. బారసాలకి మా హెడ్మాస్టరు గారు కూడా వచ్చారు.

మరుసటి సంవత్సరం మిస్టర్ గోదావరి పోటీకి పాత విజేతగా బుజ్జిని పిలిచారు. నేనూ వెళ్ళాను. మైకులో పేరు చదవగానే ముందు వరసల్లో కుర్రాళ్ళు, "చొక్కా! చొక్కా!" అని ఒకటే గోల. బుజ్జి నవ్వుతూ చొక్కా విప్పాడు. పక్కన నూనె రాసుకుని మెరుస్తున్న పోటీదారుల ముందు అతను మామూలు మనిషిలా ఉన్నాడు. కొందరు ఈల వేశారు, కొందరు నవ్వారు. అతను మైకు తీసుకున్నాడు.

"నవ్వండి, పర్లేదు. నన్ను చూసి నేనే చాలాసార్లు నవ్వుకున్నాను. ఈ గీతలు చూశారా? ఇక్కడొకటి, ఇక్కడొకటి. కండల కోసం సూదులు వేసుకుంటే, ఆడపిల్లకి వచ్చినట్టు నాకు రొమ్ములొచ్చాయండి. కోయించుకున్నాను. ఇంతకంటే సిగ్గుపడే మాట ఇంకేం చెప్పగలను? తొంభై ఎనిమిదిలో ఈ స్టేజీ మీద నా పక్కన తాడేపల్లిగూడెం నుంచి వచ్చినాయన నిలబడ్డాడు. నాకంటే మంచి ఒళ్ళు. పోయిన సంవత్సరం గుండె ఆగి పోయాడు. ముప్ఫై దాటలేదు. ఆయన పెట్టెలోనూ నా పెట్టెలో ఉన్నవే ఉండేవి. గుడ్లు తినండి, పడుకోండి, ఓపిగ్గా చెయ్యండి. ఎవరైనా సీసా చూపిస్తే ఈ గీతలు గుర్తుచేసుకోండి. లేకపోతే కడియం రండి, దగ్గరగా చూపిస్తాను."

హాలు నవ్వింది. దిగుతుంటే ఒక పోటీదారు మెట్ల దగ్గర ఆపి, చెవిలో ఏదో అడిగాడు. బుజ్జి అతని భుజం మీద చెయ్యి వేసి పక్కకి తీసుకెళ్ళి చాలాసేపు మాట్లాడాడు. ఏం మాట్లాడావని నేను అడిగితే, "ఆ అబ్బాయి సంగతి మీకెందుకండి మాస్టారూ" అన్నాడు.

రెండువేల మూడు పుష్కరాలకి రాజమండ్రి రేవుల్లో మా ఊరి నుంచి సేవకి వెళ్ళినవాళ్ళలో బుజ్జి, అతని జిమ్ కుర్రాళ్ళూ ఉన్నారు. నడవలేని ముసలమ్మల్ని మెట్ల మీంచి ఎత్తుకుని నీళ్ళ దాకా తీసుకెళ్ళి, మునక వేయించి, మళ్ళీ ఎత్తుకొచ్చి పొడిగా ఉన్నచోట కూర్చోబెట్టడం వాళ్ళ పని. అమలాపురం వైపు నుంచి వచ్చిన ఒక బామ్మగారు అతని చేతుల్లో కూర్చుని, ఇంకో మునక, ఇంకో మునక అంటూ అరగంట వదల్లేదు. బుజ్జి మోకాళ్ళ లోతు నీళ్ళల్లో ఆవిడని పట్టుకుని నిలబడి, "కానివ్వండి బామ్మగారూ, తొందరేం లేదు, గోదారి ఎక్కడికీ పోదు" అంటున్నాడు. గట్టు మీద బేబి పిల్లని చంకనేసుకుని, పెద్దావిడకి కట్టుకోవడానికి పొడిచీర అందించడానికి ఎదురుచూస్తోంది.